మోటారు ఎంపికలో నీటి లోతే కీలకం
అమలాపురం: కోనసీమ కొబ్బరి తోటలకు మోటారు ఎంచుకునేటప్పుడు ధరకన్నా నీటి లోతుకే ప్రాధాన్యమివ్వాలి. నీరు 7 మీటర్లలోపు అందే చోట నేలపై బిగించే మోనోబ్లాక్ సరిపోతుంది, మరమ్మతూ సులువే. అంతకన్నా లోతైతే సబ్‌మెర్సిబుల్ తప్పదు. అయితే తీర గ్రామాల్లో లోతునుంచి అతిగా తోడితే అడుగునున్న ఉప్పునీరు పైకి చేరి చెట్లకు చేటు తెస్తుంది.

వోల్టేజీ మరో సమస్య. అది 20 శాతం తగ్గితే ఇండక్షన్ మోటారు తిప్పే బలం సుమారు 36 శాతం పడిపోతుంది. అప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగి, వైండింగ్ కాలిపోయే ప్రమాదముంది. వ్యవసాయానికి 2004 నుంచి ఉచిత విద్యుత్తు అమలవుతున్నందున వృథా బిల్లులో కనిపించదు. కాలిన మోటారు ఖర్చు మాత్రం రైతు నెత్తినే పడుతుంది. అవసరానికి మించిన హార్స్‌పవర్‌తో ఉప్పునీటి ముప్పే పెరుగుతుంది.