రంగు క్రింది తుప్పు

పాత కారు గల ఇండ్లలో వర్షాకాలము ముగియగానే ఒక ప్రశ్న తలయెత్తును. మడ్‌గార్డు అంచున రంగు పొక్కినది. గోటితో గిల్లగా ఎఱ్ఱని పొడి రాలినది. దానిపై కొంచెము పుట్టీ పెట్టి రంగు వేసిన సరిపోదా? సరిపోదని మా అభిప్రాయము. తుప్పును ఇంటివద్దనే బాగుచేసికొన బూనువారు మొదట నేర్వవలసినది రంగు పూయుట కాదు, పొడిచి చూచుట.

ఇనుము నీటితోను ప్రాణవాయువుతోను కలిసి తుప్పుగా మారునపుడు మునుపటికంటె ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును. రంగు పొక్కుట అందువలననే. పొక్కు కంటబడునాటికి లోపల నష్టము చాలవరకు జరిగియుండును. విశాఖపట్టణము, మచిలీపట్టణము వంటి చోట్ల ఉప్పుగాలి దీనిని త్వరపరచును. హైదరాబాదులో సముద్రము లేదు గదా యని నిశ్చింతగా నుండుటకును వీలులేదు. తలుపుల అడుగున నీరు జారుటకు చేసిన చిన్న రంధ్రములు మట్టితో పూడినను, కాళ్లక్రింది రబ్బరు పట్టా అడుగున తడి నెలల తరబడి ఆరకున్నను ఫలితము ఒక్కటే. ఢిల్లీ ఇనుపస్తంభము పదునారు వందల యేండ్లు నిలిచినదని వాదించువారు కలరు. ఆ ఇనుములోని భాస్వరము మన కారు రేకులో అంతగా లేదు!

2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరునే తీసికొందము. లారీకి వలె దానికి వేరుగా చట్రము లేదు; ఒడలే చట్రము. కనుక మడ్‌గార్డు తుప్పు వేరు, తలుపుల క్రింద పొడవునా సాగు పెట్టెవంటి రేకునకో, స్ప్రింగులు బిగించు చోటునకో పట్టిన తుప్పు వేరు. మొదటిది అందమునకు సంబంధించినది, రెండవది ప్రాణమునకు. మొదటిదానిని విద్యార్థి తన పెరటిలో చేసికొనవచ్చును. స్క్రూడ్రైవరు మొనతో గట్టి రేకు తగులువరకు పొడిచి, మెరయు ఇనుము కనబడువరకు గీకవలెను. పాత రంగులలో సీసము ఉండవచ్చును గనుక తడిపి రుద్దవలెను, ముక్కునకు మాస్కు కట్టవలెను. గుంటలలో మిగిలిన తుప్పునకు ఫాస్ఫారికామ్లము పూసి, కడిగి, బాగుగా ఆరనిచ్చి, ఆనాడే రెడ్ ఆక్సైడు వేయవలెను. తేమ గాలిలో నగ్నమైన ఇనుము తెల్లవారునప్పటికే మరల ఎఱ్ఱబారును. (ఆ రెడ్ ఆక్సైడు తుప్పునకు దగ్గరి చుట్టమే యగుట ఒక వింత.) రెండవదానిని మాత్రము చెడిన రేకు కోసి క్రొత్తరేకు అతుకగల వెల్డరునకే అప్పగింపవలెను.

కాని లోకములో జరుగుచున్నదేమి? రంధ్రములో కాగితములు కుక్కి, పుట్టీ మెత్తి, అడుగున నల్లరంగు పూసి కారు అమ్మివేయుట. పుట్టీ తేమ పీల్చును. లోపలి తుప్పు సాగుచునే యుండును. పదిహేనేండ్లు నిండిన కారునకు రిజిస్ట్రేషను పునరుద్ధరించునపుడు తనిఖీ కలదు, నిజమే. క్రొత్త రంగు చూపరుల నెవరినైనను ఏమార్చగలదు. కొన్నవాడు తన పిల్లలను అందులో ఎక్కించుకొని పోవును. దీనిని వ్యాపారపు చాతుర్యమనుట మాకు సమ్మతము కాదు.

మన విద్యార్థులు తుప్పు సమీకరణమును పరీక్షలో తప్పులేక వ్రాయుదురు. కారు క్రింద వంగి చూచినవారెందరు? కళాశాల కమిటీవారు ఏడాదికొక ఆదివారము సైకిలు షెడ్డు తెరిపించి, ఏ మెకానికు షెడ్డునుండియైన అనుభవజ్ఞుడైన ఉస్తాదును తగిన రుసుముతో పిలిపింపవలెనని కోరుచున్నాము. ఖర్చు స్వల్పము. తుప్పుపట్టిన మడ్‌గార్డు పాత ఇనుప సామానుల అంగడిలో తూకమునకు దొరకును.