సైకిలు దిగడం ఓటమి కాదు

తెల్లవారకముందే మైపాడు, కొత్తకోడూరు దారుల్లో సైకిళ్లు తొక్కే యువకులు కనిపించడం ఇప్పుడు వింత కాదు. వీరిలో కాలేజీ విద్యార్థులున్నారు, దుకాణాల్లో గుమాస్తాలున్నారు, రొయ్యల గుంటల మీద పని చేసేవారూ ఉన్నారు. జీతం కోసం కాదు, కప్పుల కోసమూ కాదు. తొక్కాలన్న ఇష్టం కొద్దీ తొక్కుతున్నారు. ఇది హర్షించదగిన విషయమే. అయితే వీరిలో ఒక దురభిప్రాయం బలంగా నాటుకుంటున్నది. వాన వచ్చినా ఆగకూడదు, మోకాలు పట్టేసినా ఆగకూడదు, కిందపడి చెయ్యి వాచినా మర్నాడు సైకిలెక్కాల్సిందే, ఎక్కనివాడు పిరికివాడు అన్నదే ఆ అభిప్రాయం. దీన్ని ఇప్పుడే సరిదిద్దకపోతే నష్టపోయేది ఆ యువకులూ, వారి సంపాదన మీద ఆధారపడిన కుటుంబాలూ.

ఈ అభిప్రాయం నిన్న మొన్న పుట్టింది కాదు. 1970, 80లలో పల్లెల్లోకి సైకిలు ఆటగాళ్లు వచ్చేవారు. ఊరి నడుమ ఖాళీ స్థలంలో గుంజ పాతి, దీపాలు కట్టి, మైకులో పాటలు పెట్టి, రోజుల తరబడి నేల మీద కాలు మోపకుండా గుండ్రంగా తిరిగేవారు. తిండి సైకిలు మీదే, స్నానమూ సైకిలు మీదే. జనం చుట్టూ చేరి రూపాయి నోటు చొక్కాకు గుచ్చి మెచ్చుకునేవారు. ఆటగాడు దిగితే ఆట పోయినట్టే, దానితోపాటు కూడూ పోయినట్టే. దిగకపోవడం అతనికి పొట్టకూటి షరతు. సరదాకు తొక్కేవారు ఆ షరతును తమకు తాము విధించుకోవడంలో అర్థం లేదు.

సైకిలు తొక్కేవారికి వచ్చే కష్టాలు మూడు రకాలు. మొదటిది గాలివానలు, ఎండలు. రెండోది ఒళ్లు నొప్పులు. మూడోది దెబ్బలు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే అనర్థం జరుగుతున్నది.

నెల్లూరు తీరంలో కొండలు లేవు. ఎదురుగాలే ఇక్కడి కొండ. ఎండ ముదిరాక సముద్రపు గాలి తిరిగితే తీరం వైపు పోయేవారి రొమ్మున కొడుతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. కాబట్టి ఎదురుగాలిలో నిన్నటి వేగాన్నే అందుకోవాలని గుంజడం దండగ పని. వేగం తగ్గించి కాళ్లు అదే లయలో ఆడిస్తే చాలు. ఒకరి వెనుక ఒకరు వంతులు మార్చుకుంటూ పోతే వెనుకవారికి శ్రమ బాగా తగ్గుతుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, తిరిగి వచ్చేటప్పుడు వీపున గాలి ఉండేలా దారి ఎంచుకుంటే అలసిన కాళ్లకు గాలే తోడవుతుంది. ఈ కష్టం ఒంటికి మేలు చేసేదే. దీనికి వెరవనక్కరలేదు.

ముసురుకూ భయపడనక్కరలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు కురిసే జిల్లాలో వానకు జడిసి కూర్చుంటే తొక్కేదెన్నడు? కాకపోతే తడిసిన రిమ్మును బ్రేకు కట్టలు వెంటనే పట్టవు. ఎప్పుడూ ఆగే చోటుకు చాలా ముందే బ్రేకు పట్టాలి. ఇంటికి చేరాక మంచినీళ్లతో కడిగి, తుడిచి, చైనుకు నూనె పెట్టాలి. ఉప్పుగాలి తగిలే పాలేల్లో ఈ పని మానేస్తే చైనూ, బ్రేకు తీగలూ తుప్పు పట్టి, అవసరమైన రోజున తెగుతాయి.

కానీ ఉరుము వినబడితే అది వేరే సంగతి. ఉప్పుకయ్యల మధ్య, గుంటల గట్ల మీద మనిషిని మించిన ఎత్తు ఏదీ ఉండదు. ఉరుము వినగానే సైకిలు వదిలి పక్కా కట్టడంలోకి చేరాలి. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా బయటికి రాకూడదు. చెట్టు కింద నిలబడడం మరీ ప్రమాదం. అలాగే చప్టా మీద పారే నీళ్లలో సైకిలు దింపడం ధైర్యం అనిపించుకోదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు జాతీయ రహదారి కోసుకుపోయింది. రైలు కట్టనే తోసుకుపోయిన నీళ్లకు సైకిలు ఒక లెక్కా?

రోహిణి కార్తె ఎండను కూడా చాలామంది చిన్నచూపు చూస్తున్నారు. చెమట పట్టడం ఆగి, తల తిరిగి, మాట తడబడితే అది అలసట కాదు, వడదెబ్బ. ఆ క్షణమే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, విసురుతూ ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఎండాకాలంలో ఎనిమిది గంటల లోపే తొక్కడం ముగించడం మేలు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి వెంట ఉంచుకుంటే చెమటతో పోయినది తిరిగి వస్తుంది.

ఇక నొప్పులు. కొత్తగా దూరం పెంచినప్పుడు తొడలు, పిక్కలు పీకడం సహజం. ఆ పీకుడు మర్నాడో, మూడోనాడో హెచ్చుగా ఉండి తర్వాత దానంతటదే తగ్గుతుంది. రెండు కాళ్లకూ సమానంగా ఉంటుంది, నెమ్మదిగా తొక్కితే సడలుతుంది. ఇది కండ గట్టిపడే దారి. పూర్తిగా పడుకోనక్కరలేదు, తేలిగ్గా తొక్కితే చాలు.

దెబ్బ లక్షణం వేరు. ఒకే చోట, ఒకే కీలులో పోటు, తొక్కేకొద్దీ పెరగడం, వాపు, రాత్రి నిద్ర పట్టనివ్వకపోవడం. ఇవి కనిపిస్తే ఆగాలి. తరచు తప్పు మోకాలిది కాదు, సీటుది. సీటు పల్లంగా ఉంటే మోకాలి ముందు భాగం నొస్తుంది, మరీ ఎత్తుగా ఉంటే మోకాలి వెనుక లాగుతుంది. పెడలు అడుగుకు పోయినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. అన్నదమ్ములు, స్నేహితులు ఒకే సైకిలును మార్చుకుని తొక్కే ఇళ్లలో సీటు ఎవరి ఎత్తుకు వారు సరిచేసుకోవడం అలవాటు కావాలి. ఒక్క స్పానరుతో పోయే బాధకు నెలల తరబడి మందులు మింగడం ఎందుకు?

మందుల మాట వచ్చింది కనుక ఒక చెడ్డ అలవాటును గట్టిగా ఖండించక తప్పదు. నొప్పి సూది వేయించుకుని పందేనికి పోవడం, మాత్ర మింగి దూరాలు తొక్కడం అక్కడక్కడా సాగుతున్నది. నొప్పి అనేది ఇంటి కుక్క మొరుగుడు లాంటిది. కుక్క నోరు కట్టేస్తే దొంగ పోడు. పైగా ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఈ మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. డెంగీ జ్వరంలో వీటిలో కొన్ని రక్తస్రావానికి దారితీస్తాయి. జ్వరం ఉన్న రోజున సైకిలు ముట్టకపోవడమే క్షేమం. తలకు దెబ్బ తగిలి వాంతులైనా, మతి తడబడినా, తలనొప్పి పెరుగుతున్నా ఇంట్లో పడుకోబెట్టకుండా పెద్దాస్పత్రికి చేర్చాలి.

ఛాంపియన్లు గాయాలతోనే గెలిచారు కదా అని వాదించేవారున్నారు. బెల్జియం దేశపు ఎడ్డీ మెర్క్స్ అయిదుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన మహా యోధుడు. 1975లో అదే పందెంలో కిందపడి దవడ పైఎముక విరిగినా ఆయన ఆగలేదు. రెండో స్థానంలో ముగించాడు. ఆ తర్వాత ఆ పందెం మళ్లీ గెలవలేదు. అంతటివాడికి పక్కనే జట్టు ఉంది, వైద్యులున్నారు, అది ఆయన వృత్తి. తెల్లారి తొక్కి, పది గంటలకు దుకాణం తెరవాల్సిన కుర్రవాడికి ఆ పోలిక పెట్టడం న్యాయం కాదు.

తీరపు పిల్లలకు ఆదర్శం కావాలంటే దెబొరా హెరాల్డ్ ఉన్నది. 2004 డిసెంబరు 26న నెల్లూరు పాలేలనూ తాకిన సునామీ అండమాన్ నికోబార్ దీవుల్ని ముంచినప్పుడు, ఆమె తొమ్మిదేళ్ల పిల్ల. చెట్టు పట్టుకుని రోజుల తరబడి ఉండి బతికింది. తర్వాత ఢిల్లీలో శిక్షకుల పర్యవేక్షణలో సాధన చేసి, 2015లో 500 మీటర్ల టైం ట్రయల్‌లో ప్రపంచంలో నాలుగో ర్యాంకుకు ఎదిగింది. ఆమె ఓర్పు గొప్పదే. కాని ఆ ఓర్పును పతకాల దారి పట్టించింది క్రమమైన శిక్షణ.

దూరాలు తొక్కే పోటీల్లో పేరుమోసిన పారిస్–బ్రెస్ట్–పారిస్ 1891లో మొదలైంది. సుమారు 1,200 కిలోమీటర్లు 90 గంటల్లో పూర్తి చేయాలి. ప్రతిసారీ ఎందరో మధ్యలో దిగిపోతారు. ఎవరూ వారిని వెక్కిరించరు. దిగినవాళ్లలో మళ్లీ నాలుగేళ్లకు వచ్చి పూర్తి చేసేవారూ ఉన్నారు.

చేపల బుట్ట క్యారియరుకు కట్టుకుని పాలెం నుంచి ఊళ్లకు పోయే బేరగాడు నొప్పి ఉన్నా తొక్కుతున్నాడు కదా అనవచ్చు. అతను ఆగితే పొయ్యి వెలగదు కనుక తొక్కుతున్నాడు. అది గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతి కాదు, సమాజం సిగ్గుపడాల్సిన సంగతి. నేర్చుకోదలిస్తే అతని దగ్గర వేరే విద్య ఉంది. అతను తొందరపడడు. చప్టా దగ్గర దిగి నడుస్తాడు. మబ్బు చూసి బయలుదేరతాడు. రేపు కూడా తొక్కాలి కనుక ఈరోజు ఒళ్లు దాచుకుంటాడు.

యువకులకు బుద్ధి చెప్పి ఊరుకుంటే చాలదు. కృష్ణపట్నం రేవుకు పోయే లారీల పక్కన, చీకట్లో, గుంతలు పడ్డ రోడ్డు అంచున తొక్కాల్సి రావడం వారి తప్పు కాదు. రోడ్డు మార్జిన్లలో కంపచెట్లు కొట్టించి మట్టి వేయించడం అధికారులకు పెద్ద ఖర్చు కాదు. కోతల కాలంలో రైతులు రోడ్ల మీద వడ్లు ఆరబోయడానికి కారణం కల్లాలు లేకపోవడమే. ఊరూరా కల్లాలు కట్టిస్తే రైతుకూ మేలు, సైకిలువాడికీ మేలు. గత దశాబ్దంలో ‘బడికొస్తా’ పథకం కింద బడి ఆడపిల్లలకు సైకిళ్లు పంచారు. సైకిలు ఇచ్చినంత శ్రద్ధగా సీటు సరిచేసుకోవడం, బ్రేకు చూసుకోవడం, దెబ్బ తగిలితే ఏం చేయాలో చెప్పడం వ్యాయామోపాధ్యాయుల పని కావాలి. తొక్కేవారు కూడా తలకు హెల్మెట్టు, వెనుక ఎర్ర దీపం లేకుండా రోడ్డెక్కరాదు.

ఎదురుగాలిని ఓర్చుకోవాలి, ముసురును ఓర్చుకోవాలి, పిక్కల పీకుడునూ ఓర్చుకోవాలి. పిడుగునూ, వాగునూ, వాచిన మోకాలునూ ఓర్చుకోవడం మాత్రం ఓర్పు కాదు. ఊరి పెద్దలు, సైకిలు షాపుల దగ్గర చేరే స్నేహితులు ఈ తేడాను గుర్తించి, నొప్పితో దిగినవాణ్ణి ఎగతాళి చేయడం మానితే, ఆ యువకుడు పదేళ్ల తర్వాత కూడా అదే దారిలో సైకిలు తొక్కుతాడు.