గడ్డకు ఇన్ని ఫోన్లా?

మంగళవారం పొద్దున హైదరాబాద్ అమీర్‌పేటలో ఒక ల్యాబ్‌లో కూర్చున్నాను. పరగడుపున ఒకసారి రక్తమిచ్చి, కింద టిఫిన్ తిని వచ్చి, రెండోసారి సూది కోసం ఎదురుచూస్తున్నాను. షుగర్ ఉన్నవాళ్లందరికీ అలవాటైన పనే. పక్క కుర్చీలో యాభై దాటిన ఒకామె. ఒళ్లో ఫైలు, దాని మీద రెండు చేతులూ. కౌంటర్ దగ్గర ఆమె కొడుకు గొంతు తగ్గించి చెబుతున్నాడు: "రిపోర్టు అమ్మ నెంబరుకు పంపకండి మేడం, నా వాట్సాప్‌కే పంపండి. అమ్మకు ఏం చెప్పకండి." చిన్న హాలు. అందరికీ వినపడింది. అతను ఫోన్ పట్టుకుని బయటికెళ్లాక ఆమె నావైపు తిరిగింది. "గడ్డ అని చెప్పిండ్రక్కా. గడ్డకు గిన్ని ఫోన్లు చేస్తరా?"

అప్పటినుంచీ ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

మన ఇళ్లలో దీన్ని ప్రేమ అంటాం. తెలిస్తే తట్టుకోలేదంటాం. అమెరికాలో ఉన్న మేనల్లుడికి తెలుస్తుంది, కింది వాటా వాళ్లకు తెలుస్తుంది, రోగం వచ్చిన మనిషికి మాత్రం తెలియకూడదు. నేనూ ఆ పాపంలో భాగం పంచుకున్నదాన్నే. మా పెద్దమ్మకు కడుపులో క్యాన్సర్ వచ్చింది. 'అల్సర్' అని చెప్పాం. కారం మానేసి, అల్సర్‌కు మంచిదని పూటపూటా మజ్జిగ తాగింది. బందరులో ఉన్న అక్కను చూసి ఏడేళ్లయిందని, ఒంట్లో నెమ్మదించాక వెళ్దామని అంటూ ఉండేది. మేం తలూపేవాళ్లం. ఆ ప్రయాణం జరగలేదు. ఆమెకు మిగిలింది మూడు నెలలని మాకు తెలుసు, ఆమెకు తెలియదు. తెలిస్తే ఆ మర్నాడే బస్సెక్కేది. ఆ మూడు నెలలను ఏం చేసుకోవాలన్న నిర్ణయం ఆమెది, దాన్ని లాక్కున్నది మేం.

ఇది ఒక్క ఇంటి దుఃఖంతో ఆగిపోతే నేనింత రాయను. ఈ దాపరికమే మన ఆడవాళ్లను పరీక్షలకు వెళ్లకుండా చేస్తోందని నా నమ్మకం. చనిపోయినవాళ్ల సంగతి ఎలాగూ బయటపడుతుంది. బతికి బట్టకట్టినవాళ్ల సంగతే బయటికి రాదు. రొమ్ములో గడ్డ తీయించుకుని, కీమో ఎక్కించుకుని, కరెంటు పెట్టించుకుని, పదేళ్లుగా ఇంటిల్లిపాదికీ వండిపెడుతున్న ఆవిడ మీ అపార్ట్‌మెంట్‌లోనే ఉండవచ్చు. అడిగితే 'ఆడవాళ్ల ఆపరేషన్' అంటారు. కూతురికి సంబంధాలు చూస్తున్నారు మరి, వియ్యాలవారి చెవిన పడితే ఇంకేమైనా ఉందా? అలా బతికినవాళ్లు కనపడకుండా పోతారు, పోయినవాళ్లే లెక్కలోకి వస్తారు. పాతవాళ్లు రాచపుండు అన్నదాన్ని మనం 'ఆ జబ్బు' అంటున్నాం. పేరు పలకడానికే వణికే మనిషి పరీక్షకు ఎలా వెళ్తుంది? 'నొప్పి లేదుగా' అని ఆరు నెలలు జరుపుతుంది. తొలిదశలో రొమ్ము గడ్డకు చాలామందిలో నొప్పి ఉండదని ఎవరూ చెప్పరు. ముక్క తీసి పరీక్షకు పంపుదామంటే 'కత్తి తగిలితే పాకుతుందట' అని మరో మూడు నెలలు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు 1.9 శాతం. రొమ్ము పరీక్ష 0.9 శాతం. పరీక్షలు దూరమనీ, ఖర్చనీ సర్దిచెప్పుకోవడానికి ఈ నగరంలో వీల్లేదు. నేను కూర్చున్న చోటు నుంచి పంజగుట్టలో నిమ్స్, బంజారాహిల్స్‌లో బసవతారకం, రెడ్‌హిల్స్‌లో 1955 నాటి ఎంఎన్‌జే, అన్నీ ఆటో దూరమే. మంగళవారాలు ఈ పరీక్షలన్నీ ఉచితంగా చేసే ప్రభుత్వ ఆరోగ్య మహిళ క్లినిక్కులు 2023 మార్చిలోనే మొదలయ్యాయి. పెద్ద యంత్రాలు కూడా అక్కర్లేదు. ముంబైలో టాటా మెమోరియల్ వైద్యులు 1998 నుంచి ఇరవై ఏళ్లు, లక్షన్నర మంది ఆడవాళ్లతో చేసిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త రెండేళ్లకోసారి చేత్తో తడిమి చూసినందుకే, యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. చెయ్యి చాలు. ఆ చేతి దగ్గరికి మనిషి రావాలి.

సినిమా కూడా మనకు ఈ దాపరికాన్నే నేర్పింది. 1981లో 'ప్రేమాభిషేకం' చూసి ఏడవని తెలుగు ఇల్లు లేదు. క్యాన్సర్ వచ్చిన కథానాయకుడు ప్రేమించిన పిల్లకు ఆ సంగతి చెప్పకుండా, తనను అసహ్యించుకునేలా నటించి, చనిపోతాడు. దాచినవాడు త్యాగమూర్తి అయ్యాడు. ఆ పాత్ర వేసిన అక్కినేని నాగేశ్వరరావుగారే 2013 అక్టోబరులో, తొంభైకి చేరువలో, విలేకరులను పిలిపించి తనకు క్యాన్సర్ వచ్చిందని తన నోటితో చెప్పారు. 'మనం' సినిమాలో తన పాత్రకు మంచం మీదనుంచే డబ్బింగ్ పూర్తిచేసి 2014 జనవరిలో వెళ్లిపోయారు. మనం గుర్తుపెట్టుకోవలసింది ఆ అక్టోబరు రోజును. ఎన్టీఆర్ భార్య బసవతారకం గారు క్యాన్సర్‌తో పోయిన తర్వాత ఆ కుటుంబమూ జబ్బును దాచలేదు. ఆమె పేరూ జబ్బు పేరూ కలిపి ఆసుపత్రి బోర్డు మీద రాయించింది.

ఇక చట్టం సంగతి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి ప్రకారం జబ్బు తీవ్రతను డాక్టర్ పెంచి చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదు. అంతవరకు బాగుంది. కానీ ఎవరికి తెలియాలి? రోగికి గానీ, బంధువులకు గానీ, బాధ్యత గల మిత్రులకు గానీ. ఆ 'గానీ' సందులోంచే రోగిని గది బయట కూర్చోబెడుతున్నారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది. మత్తులో ఉన్న కూతురి గర్భసంచి తీయడానికి బయట తల్లి చేత సంతకం పెట్టించుకున్న కేసులో, వయసొచ్చిన మనిషి ఒంటికి ఆ మనిషి ఒప్పుకోలే కావాలంది, తల్లి సంతకం చెల్లదంది. అయినా ఇవాళ్టికీ సంతకం కొడుకుదే.

ఒకరి ఒంటికి ఇంకొకరు సంతకం పెడితే ఏమవుతుందో మన ఖమ్మం జిల్లాను అడగండి. 2009లో అక్కడ పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. ఆశ్రమ పాఠశాలల్లోని గిరిజన బాలికల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకూ టీకాకూ సంబంధం ఉండకపోవచ్చని విచారణ సంఘం చెప్పింది. నమ్మేదెవరు? 2010లో కార్యక్రమం ఆగింది, 2013లో పార్లమెంటరీ సంఘం తప్పుపట్టింది. మంచి టీకా మీద పడ్డ ఆ అనుమానం ఏళ్ల తరబడి పోలేదు. అడగకుండా చేసిన మేలును జనం మేలని నమ్మరు.

సంతకం దగ్గరికి వచ్చాక భాష గురించి రాయకుండా ఉండలేను. ఎన్నిసార్లు రాసినా మళ్లీ రాస్తాను. ఆ అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉంటుంది. బయాప్సీ రిపోర్టు ఇంగ్లీషులో, డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో. డాక్టర్ తల్లి నాడి పట్టుకుని, ఇంగ్లీషు వచ్చిన కొడుకుతో మాట్లాడతాడు. దాచడానికి అంతకంటే మంచి గోడ లేదు. పల్లెటూళ్ల నుంచి వచ్చిన పిల్లలకు నాలుగు నెలల్లో జావా నేర్పి ప్రపంచం మీదికి పంపుతున్న అమీర్‌పేట ఇది. ఒక్క పేజీ తెలుగులో రాయించడం ఈ ఊరికి చేతకాని పనా? 'మీకు ఫలానా చోట క్యాన్సర్ ఉంది. ఈ దశలో ఉంది. ఈ మూడు దారులున్నాయి. దేనివల్ల మేలెంత, బాధ ఎంత, ఖర్చెంత.' ఇంతే కదా! ప్రభుత్వ సొమ్ముతో ఆరోగ్యశ్రీ కింద వైద్యం చేసే ప్రతి ఆసుపత్రికీ దీన్ని తప్పనిసరి చేయాలి.

ఇళ్లలో నోరు మూసుకున్న ఈ భయాన్నే రోడ్డు మీద అమ్ముకుంటున్నారు. ఆరోగ్య ప్యాకేజీల ప్రకటనలు చూడండి, 'క్యాన్సర్ మార్కర్లు' కూడా కలిపి ఇంత ధర అంటారు. రక్తంలో చూసే అలాంటి మార్కరు సీఏ-125 నెలసరి సమయంలోనూ పెరగవచ్చు, గర్భాశయంలో కంతులున్నా పెరగవచ్చు. ఏ బాధా లేని ఆడమనిషికి దానితో క్యాన్సర్ వెతకడం సరైన పద్ధతి కాదు. అవసరమైన పరీక్ష ఉచితంగా ఉంటే వెళ్లనివాళ్లు, అవసరం లేనిదానికి వేలు పోసి, ఒక అంకె ఎక్కువొచ్చిందని నిద్ర మానేస్తున్నారు. నిజం చెప్పే మనిషి ఇంట్లో లేనప్పుడు భయానికి దొరికిన గుమ్మం అదే.

అలాగని వద్దన్నవాళ్లకు బలవంతంగా నిజం చెప్పమనడం లేదు. బాధ తగ్గించడమే పనిగా ఉండే పాలియేటివ్ కేర్ వైద్యులు ముందు రోగినే అడుగుతారు: మీకేం తెలుసు, ఇంకెంత తెలుసుకోవాలనుంది? "నాకొద్దు బాబూ, మా అబ్బాయితో మాట్లాడండి" అని ఆమే అంటే అదీ ఒక నిర్ణయమే, గౌరవించాలి. ఆ మాట ఆమె నోట రావాలి.

ఆ మంగళవారం ఆమె అడిగినదానికి నేనేమన్నానో చెప్పి ముగిస్తాను. "ఏం కాదులేమ్మా" అన్నాను. ముప్పై ఏళ్ల కింద పెద్దమ్మతో అన్న మాటే, అదే గొంతుతో. ఆమె ఫైలు తెరిచి, చదవలేని ఆ కాగితాలను ఒక్కొక్కటీ తిప్పింది. మూసింది. ఈ రాత ఆమెకు చేరుతుందో లేదో. చేరితే, ఆ రోజు అనవలసిన మాట ఇది: అమ్మా, నువ్వు సరిగ్గానే అనుమానించావు. కొడుకును పక్కనే కూర్చోబెట్టుకుని, డాక్టర్‌ను నువ్వే అడుగు.