బాలికల సైకిలు: హ్యాండిలు పరీక్ష



2017వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘బడికొస్తా’ యను పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచినది. 2022 వఱకు కృష్ణాజిల్లాలో నుండి, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనున్న తిరువూరు మీదుగా 30వ సంఖ్య జాతీయ రహదారి పోవుచున్నది. అట్టి దారిని లారీల ప్రక్కన పిల్ల సైకిలు త్రొక్కవలెనన్న తల్లికి గుండె దడదడలాడుట సహజము. అంతమాత్రమున బడి మాన్పింప నేల? బండిని పరీక్షింపుడు. బ్రేకును, గాలిని చూచువారు కలరు గాని, హ్యాండిలు తిరుగు కీలును చూచువా రరుదు.

సైకిలు ముందరి నిలువు గొట్టమునకు పైన నొకటి, క్రింద నొకటి ఉక్కు గిన్నె లుండును. వానిలో ఉక్కు గోళీలు దొర్లుటచే హ్యాండిలు సులువుగ తిరుగును. ఈ యమరికను పనివారు హెడ్ సెట్టందురు. ఇది వదులైనచో కుదుపులకు గిన్నెలు గుంటలు పడును. మిక్కిలి బిగిసినచో బండి తిన్నగ నడువదు.

మొదట గిన్నెలు గొట్టపు టంచునకు చుట్టును ఆనియున్నవో లేదో చూడుడు. సందున కాగితము దూరినచో గిన్నె సరిగ కూర్చుండలేదన్నమాట.

పిమ్మట కుడిచేత ముందరి బ్రేకు పట్టి, బండిని ముందువెనుకల కూపుచు, ఎడమచేతి వ్రేలిని గిన్నె యంచున ఆనింపుడు. టక్కుమని కదలిక తగిలినచో వదులున్నది. అది బ్రేకు కదలికయేమో యని సందేహము కలిగిన, చక్రమును ప్రక్కకు త్రిప్పి మరల నూపుడు.

తరువాత ముందరి చక్రము నెత్తి హ్యాండిలును మెల్లగ నిటునటు త్రిప్పుడు. పట్టివేసినచో బిగువెక్కువ. సరిగ నడిమికి వచ్చినపుడు చిక్కుకొనినచో గిన్నెలు చెడినవి, వానిని మార్పింపవలసినదే.

వదులు తీర్చుటకు పై నట్టును సడలించి, దాని క్రింది గిన్నెను కదలిక పోవువఱకు మాత్రమే బిగించి, ఆ గిన్నె తిరుగకుండ పట్టుకొని నట్టును బిగింపవలెను. నట్టు బిగియుటతో లోపలి బిగువు మాఱును గాన, పరీక్షలు మరల చేయుడు. అంగడిలో బిగించి యిచ్చిన క్రొత్త బండికిని ఇంతే.

పొయ్యిమీది యన్నము ఉడుకులోపల ముగియు పని యిది. వారమున కొకమాఱు బాలికచేతనే చేయింపుడు. తన బండి సంగతి తనకు తెలిసిన పిల్లను పంపుటకు పెద్దలకును ధైర్యము కలుగును.