లాండ్‌స్టీనర్ రెండో ఘనత

చలిలో కాసేపు తిరిగొస్తే చాలు, కొందరు రోగులకు మూత్రం ముదురు ఎరుపులో పడుతుంది. ఈ అరుదైన జబ్బు గుట్టును 1904లో వియన్నాలో జూలియస్ డోనాత్, కార్ల్ లాండ్‌స్టీనర్ విప్పారు. రోగి రక్తాన్ని మంచులో చల్లబరిచి, మళ్లీ ఒంటి వేడికి తెస్తే ఎర్రకణాలు పగిలి సీరం ఎర్రబారుతుంది. మొదటినుంచీ వెచ్చగా ఉంచిన రక్తంలో ఈ మార్పు రాదు. చలిలో రోగి సొంత యాంటీబాడీయే ఎర్రకణాలకు అంటుకుంటుంది. వేడి తగలగానే రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లు వాటిని చీల్చేస్తాయి. శరీరం తన మీద తానే ఇలా దాడికి దిగకుండా చూసుకుంటుందని రోగనిరోధక శాస్త్ర దిగ్గజం పాల్ ఎర్లిక్ అంతటివాడు చెబుతున్న కాలమది. లాండ్‌స్టీనర్ పేరెత్తితే అందరికీ 1901 నాటి బ్లడ్ గ్రూపులు, 1930లో వచ్చిన నోబెల్ బహుమతి మాత్రమే గుర్తొస్తాయి. అది ఆయన్ను సగమే చూడటం. యాంటీబాడీ దేన్ని గుర్తుపడుతుంది, దేన్ని వదిలేస్తుంది అన్న ఒక్క ప్రశ్నే ఆయన్ను జీవితాంతం నడిపించింది. బ్లడ్ గ్రూపులు పరాయి రక్తంతో పేచీని చూపితే, ఈ ప్రయోగం సొంత రక్తంతో పేచీని చూపింది. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థకు వెళ్లాకా అదే అన్వేషణ. చిన్న చిన్న రసాయనాలను ప్రోటీన్లకు తగిలించి, అణువులో ఇసుమంత తేడానైనా యాంటీబాడీ పసిగట్టగలదని తేల్చారు. 1940లో అలెగ్జాండర్ వీనర్‌తో కలిసి ఆర్‌హెచ్ కారకాన్ని వెల్లడించారు. రక్తమార్పిడి ఎన్నో ప్రాణాలు నిలిపింది కాబట్టి బ్లడ్ గ్రూపుల కీర్తి న్యాయమైనదే. అయితే శరీరం తన మీద తానే దాడి చేసుకునే ఆటోఇమ్యూన్ జబ్బుల అవగాహనకు తొలి గట్టి ఆధారం ఆ చల్లబరిచిన రక్తమే. వైద్య పాఠాల్లో 1904కు 1901తో సమానమైన చోటు దక్కాలి.