తీర్పరులను నియమించు తీరు

ఆటలో ఓడినవాడు తీర్పరిని నిందించుట లోకమున నున్నదే. ఆడలేక మద్దెల ఓడన్న సామెతను మన పెద్దలు ఊరక చెప్పలేదు. అయినను ప్రతి ఫిర్యాదును ఆ సామెతతో త్రోసివేయుట న్యాయము కాదని మేము తలంచుచున్నాము. ఒక్కొక్కప్పుడు మద్దెలయు నిజముగా ఓడుగానే యుండును.

కొలది కాలము క్రిందట మన ప్రాంతమున జరిగిన ఒక పాఠశాలల కబడ్డీ పోటీలో, బాలికల ఆటకు రావలసిన తీర్పరి రాలేదు. విచారింపగా, అదే దినమున అదే గంటకు మరియొక మైదానమునకు గూడ ఆయననే పిలిచినట్లు తెలిసినది. ఒకరు ఫోనులో చెప్పిరి. మరియొకరు చీటి పంపిరి. పిల్లలు రెండు గంటలు ఎండలో కూర్చున్న పిమ్మట, ఎదుటి జట్టుతో వచ్చిన వ్యాయామోపాధ్యాయుడే ఈల పట్టెను. మన బాలికలు రెండు పాయింట్ల తేడాతో ఓడిరి. ఆయన తప్పు తీర్పు చెప్పెనని మేము అనము. చూచినంతవరకు నిష్పక్షపాతముగనే ఆడించెను. కాని తిరిగి వచ్చు బస్సులో ఒక బాలిక, “మనము తెలుగు బడివారము గనుక ఇట్లు చేసిరి” అనెను. ఆ మాట నిజము కాకపోవచ్చును. అయినను అది పుట్టుటకు చోటిచ్చినది మన నియామక పద్ధతియే. అల్పసంఖ్యాకుల పిల్లల మనస్సులో అట్టి మాట త్వరగా వేరూనును, పెరికివేయుట కష్టము.

కావున, తీర్పరుల నమోదును, నియామకమును ఆన్‌లైను సాఫ్ట్‌వేరు ద్వారా జరుపు పద్ధతి మన పాఠశాలల పోటీలకును రావలయునని మేము కోరుచున్నాము.

ఈ పని ఎంత పెద్దదో ముందు గ్రహింపవలెను. కబడ్డీ ఆట ఒక్కదానికే ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరరు, ఇద్దరు సహాయ స్కోరర్లు, వెరసి ఆరుగురు కావలయును. నాలుగు మైదానములలో ఒకేమారు ఆట సాగినచో 24 మంది. గణతంత్ర దినోత్సవ క్రీడలు, భారతియార్ దినోత్సవ క్రీడలు మున్నగువానిలో బాలురకును బాలికలకును వయస్సును బట్టి వేర్వేరు పోటీలు జరుగును. ఇందరిని ఒక కార్యదర్శి తన జ్ఞాపకముతోను, ఒక నోటుపుస్తకముతోను కూర్చుట ఎంత శ్రమయో ఊహింపవచ్చును. చిన్న బడి కష్టము వేరు. అందు వ్యాయామోపాధ్యాయుడు ఒక్కడే. ఆయన తీర్పరిగా పిలువబడినచో తన జట్టువెంట నిలుచువారుండరు.

సాఫ్ట్‌వేరు చేయు పని గూఢమైనది కాదు. తీర్పరి తన పేరు, ఊరు, తనకు వచ్చిన ఆటలు, పొందిన అర్హత, తీరికగల దినములు, తాను పనిచేయు పాఠశాల, తన బిడ్డలు చదువు పాఠశాల మున్నగునవి నమోదు చేయును. కార్యదర్శి పోటీల తేదీలను, మైదానములను నమోదు చేయును. ఒకే గంటకు ఒక మనిషిని రెండుచోట్ల వేసినచో అది హెచ్చరించును. తన బడి ఆటకు తానే తీర్పరి యగుచున్నచో అడ్డగించును. కబురందినవాడు వచ్చెదననియో, రాననియో తెలిపినంతనే తరువాతి పని జరుగును. ఆట ముగిసిన పిమ్మట నివేదికయు, చెల్లించిన బత్తెమును అందే నిలిచియుండును.

ఇది కొత్త వింత కాదు. అమెరికాలో హైస్కూలు పోటీల తీర్పరులను నియమించుటకు ఆర్బిటర్‌స్పోర్ట్స్ అను సాఫ్ట్‌వేరు విరివిగా వాడుకలో నున్నది. మన రాష్ట్రమున 2023లో ముఖ్యమంత్రి ట్రోఫీ పోటీలకు ఆటగాండ్రు ఆన్‌లైనులో పేర్లు నమోదు చేసికొనిరి. ఆటగాండ్రకు తగినది ఆడించువారికి తగదా?

తటస్థుడైన తీర్పరి ఎంత అవసరమో క్రికెట్టు చరిత్ర చెప్పును. ఒకప్పుడు ఏ దేశమున ఆట జరిగినచో ఆ దేశపు అంపైర్లే నిలుచుచుండిరి. వచ్చిన జట్టు అనుమానించుచుండెను. 1986 నవంబరులో లాహోరున పాకిస్తానుకును వెస్టిండీసుకును జరిగిన టెస్టుకు హైదరాబాదుకు చెందిన వి. కె. రామస్వామియు, పిలూ రిపోర్టరును మన దేశమునుండి పిలువబడి అంపైర్లుగా నిలిచిరి. పిమ్మట 1994లో ప్రతి టెస్టునకు ఒక అంపైరు, 2002లో ఇద్దరును తటస్థ దేశమువారై యుండవలెనను నియమము వచ్చెను. స్వదేశపు అంపైర్లు అందరును పక్షపాతులని దాని అర్థము కాదు. న్యాయము జరిగినచో చాలదు; జరిగినట్లు ఎదుటివానికి తోచవలయునని అర్థము.

కొందరు పెద్దలు ఈ పద్ధతికి ఒప్పుకొనరు. “ఎవరు సమర్థులో మాకు తెలియును, యంత్రమునకేమి తెలియును?” అందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. గుడియాత్తమునుండి వేలూరునకు ఉదయము ఏడు గంటలకే రావలసినవాడు ఎన్నింటికి బస్సెక్కవలెనో, ఇంట రోగియున్నవాడు ఏల రాలేకపోవునో యంత్రమెరుగదు. కావుననే మేము యంత్రమునకు పెత్తనమీయవలెనని కోరుట లేదు. అది గుర్తుచేయును, హెచ్చరించును, లెక్క వ్రాయును. నియమించు బాధ్యతయు, నియమించినందుకు సమాధానము చెప్పవలసిన బాధ్యతయు మనుష్యునివే.

మన బడులవారమగుటచే మేము మూడు సంగతులను ప్రత్యేకముగా కోరుచున్నాము.

మొదటిది పేర్ల సంగతి. తమిళ లిపిలో క, గ అను రెంటికిని అక్షరమొక్కటే; ప, బ అనువానికిని అంతే. గౌరి అను పేరు తమిళమునుండి ఇంగ్లీషునకు మారునప్పుడు కౌరి కావచ్చును. ఒక మనిషి రెండు పేర్లతో పట్టికకెక్కినచో యంత్రము వారిని ఇద్దరని తలంచి, రెండు మైదానములకును పంపును! కావున ప్రతివారికి ఒక నమోదు సంఖ్య యుండవలెను. పేరును వారు వ్రాసికొనునట్లే నిలుపవలెను. 2006 నాటి తమిళ అధ్యయన చట్టము పిమ్మట మన పిల్లలు తమిళము చదువుచునే యున్నారు గనుక, సమస్తము తెలుగులోనే యుండవలెనని మేము పట్టుపట్టము.

రెండవది, మంచి ఫోను లేని అనుభవజ్ఞులను విడువరాదు. వారికి మామూలు ఫోనులో కబురు చెప్పి, వారి సమాధానమును కార్యదర్శియే నమోదు చేయవలెను.

మూడవది, స్కోరర్లుగా చేరు విద్యార్థుల వివరములను కాపాడవలెను. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా గ్రహించి, వారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల సమ్మతిని కోరుచున్నది. తల్లిదండ్రులారా, అడుగకుండ సంతకము చేయకుడు. అడిగి తెలిసికొని చేయుడు.

మన సత్తువాచారి బిడ్డ సతీశ్ శివలింగము 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో 77 కిలోల తరగతియందు మొత్తము 328 కిలోలు ఎత్తి స్వర్ణపతకము గెలిచెను. 2018లో గోల్డ్‌కోస్టునను స్వర్ణమే గెలిచెను. ఆ బరువును ఎత్తినది ఆయన భుజములే. అయినను అది సక్రమముగా ఎత్తబడినదని లోకమునకు చెప్పినవి ముగ్గురు తీర్పరుల తెల్లదీపములు. ఆ ముగ్గురిపై నమ్మకము లేనిచో ఎంతటి బరువును ఎత్తియు ఫలమేమి?

తుదకు మన విద్యార్థులతో ఒక మాట. పట్టికలో మనవారి పేరు లేదని వగచుట కంటె పేరు చేర్చుట మేలు. పట్టిక అందరికిని తెరచియున్ననాడు, ఎవరి పరిచయమును లేకయే మన బడి పూర్వవిద్యార్థియు నియమములు చదివి, పరీక్ష నిచ్చి, తీర్పరి కావచ్చును. రాజమహేంద్రవరమున జన్మించిన జి. ఎస్. లక్ష్మి 2019లో అంతర్జాతీయ క్రికెట్ మండలి మ్యాచ్ రిఫరీల పట్టికలో చేరిన మొదటి మహిళ. బస్సులో ఆ మాట అనిన బాలికయు ఒకనాడు ఈల చేతబట్టి, తెలుగు బడియా తమిళ బడియా అని చూడక, గీత దాటినవారిని దాటితిరని చెప్పగలిగినచో, మా కోరిక నెరవేరినట్లే.