కళాశాల గడప, కార్ఖానా గడప

ప్రతి సంవత్సరమూ పరీక్షా ఫలితాలు వెలువడగానే మన కళాశాల నుండి మరొక పట్టభద్రుల బృందం లోకంలోనికి అడుగిడుతుంది. ఆనాడు ఇళ్లలో మిఠాయిలు పంచుకొంటారు. వంశంలో మొట్టమొదటి పట్టా పుచ్చుకొన్న బిడ్డను చూచి తల్లిదండ్రుల కన్నులు చెమ్మగిల్లుతాయి. కాని ఆరు మాసాలు గడచిన పిమ్మట అదే ఇంట, "ఇంత చదివించితిమి గదా, ఇక ఏమి?" అన్న ప్రశ్న తలయెత్తుతుంది. ఈ ప్రశ్నకు విద్యార్థి ఒక్కడే జవాబు చెప్పుకోవలెనా? కళాశాలకు అందులో బాధ్యత లేదా? ఉన్నదనియే మా నిశ్చితాభిప్రాయం.

అయితే ఆ బాధ్యతను నిర్వర్తించే తీరులోనే లోపమున్నది. ఏడాదికొకనాడు ఉద్యోగ మేళా జరిపి, కుర్చీలు వేయించి, బ్యానరు కట్టి, సాయంత్రానికి అన్నీ విప్పివేయడంతో మన కర్తవ్యం తీరినదనుకొంటున్నాము. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక సంస్థవారు మన వద్దకు వచ్చి ఒప్పంద పత్రంపై సంతకాలు చేసినారు. ఛాయాచిత్రాలు తీయించుకొన్నాము. తరువాత వారు తిరిగి రాలేదు. వారిని నిందించుటకు ముందు మనల్ని మనమే ప్రశ్నించుకోవలె. ఆ పిదప మనలో ఎవరైనా వారికి ఒక ఉత్తరమైనా వ్రాసినారా? వారికి ఎట్టి నైపుణ్యం గల యువకులు కావలెనో అడిగినారా? లేదు. మన చుట్టరికాలలో రాకపోకలు లేనిదే బంధుత్వం నిలువదని అందరికీ తెలుసు. ఉద్యోగాలిచ్చేవారితో కళాశాలకు గల సంబంధం కూడ అట్టిదే.

ఈ విషయంలో వరంగల్లు చరిత్ర మనకు చక్కని పాఠం చెబుతున్నది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో 1934లో ఇక్కడ ఆజంజాహీ మిల్లు వెలసినది. తరతరాలుగా ఎన్నో కుటుంబాలు దాని కూతతోనే మేల్కొన్నవి, దాని జీతంతోనే బిడ్డలను చదివించుకొన్నవి. 1974లో అది జాతీయ జౌళి సంస్థ ఆధీనంలోనికి వెళ్లినది. 2002లో మూతపడినది. మిల్లుతోపాటు ఒక నమ్మకం కూడ మూతపడినది. ఒకే పెద్ద యజమానిపై ఊరంతా ఆధారపడితే, ఆ యజమాని లేనినాడు ఊరికి దిక్కుండదు. కళాశాల విషయంలోనూ అంతే. ఒక పెద్ద కంపెనీ కొరకు ఎదురుచూచుట కంటె, చిన్నవీ పెద్దవీ ఇరువది సంస్థలతో నిలకడైన పరిచయం పెంచుకొనుట మేలు.

అట్టి సంస్థలు మన ఊరిలో లేవా? ఎనుమాముల మార్కెట్ యార్డుకు పత్తి, మిర్చి ఎంత వచ్చునో మనం చూస్తూనే ఉన్నాము. అక్కడి అడ్తి దుకాణాలకు, శీతల గిడ్డంగులకు లెక్కలు తెలిసినవారు కావలె. కొత్తవాడలో నేసే వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. వాటిని దేశాంతరాలకు అమ్మగల నేర్పు, ఉత్తర ప్రత్యుత్తరాలు నడుపగల భాష చదువుకొన్నవారి వద్ద ఉండవలె. గీసుగొండ, సంగెం మండలాల నడుమ కాకతీయ మెగా జౌళి పార్కుకు 2017లో శంకుస్థాపన జరుగగా, కేరళకు చెందిన కైటెక్స్, దక్షిణ కొరియాకు చెందిన యంగ్‌వన్ సంస్థలు అక్కడికి వచ్చినవి. మడికొండలో 2020లో సాఫ్ట్‌వేర్ కంపెనీల కార్యాలయాలు తెరువబడినవి. కాజీపేటలో రైల్వే తయారీ కర్మాగారానికి 2023లో పునాది రాయి పడినది. ఇవన్నీ మన కళాశాలకు బస్సు దూరంలో ఉన్నవే. దూరమున్నది మన ప్రయత్నంలోనే.

చదువును, పనిని జతపరచుట కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అను ఆచార్యుడు 1906లో 27 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం ఆరంభించినాడు. వారు కొంతకాలం తరగతిలో, కొంతకాలం కర్మాగారంలో, మార్చి మార్చి నేర్చుకొన్నారు. ఆ పద్ధతి నూరేళ్లు దాటి నేటికీ నడుస్తున్నది. కర్మాగారంవారు విద్యార్థిని మూడు నిమిషాల ఇంటర్వ్యూలో గాక, నెలల తరబడి పనిలో చూచినారు. విద్యార్థియు తన పుస్తకంలో ఏది పనికి వచ్చునో తెలుసుకొన్నాడు. ఇరువురికీ లాభమున్నందుననే అది నిలిచినది.

మన దేశంలో అప్రెంటిస్ చట్టం 1961లోనే వచ్చినది. 2014లో చేసిన సవరణతో ఇంజనీరింగు చదువని పట్టభద్రులకు కూడ దాని తలుపులు తెరువబడినవి. ముప్పది మంది, అంతకు మించి సిబ్బంది గల సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవలెనని నిబంధన ఉన్నది. డిగ్రీలో భాగంగానే ఈ శిక్షణను చేర్చుటకు యూజీసీ 2020లో మార్గదర్శకాలు ఇచ్చినది. కావున బి.ఎ., బి.కాం. విద్యార్థులకు ఇది వర్తించదని ఇంకా అనుకొనుట మన అజ్ఞానమే.

అడుగుటకు వెళ్లేవాని చేతిలో ఇచ్చుటకు కూడ ఏదో ఒకటి ఉండవలె. మన వద్ద ఏమున్నది? మన విద్యార్థులు ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు వింటూ పెరిగినవారు. మూడు భాషలలో గిరాకీదారునితో మాట్లాడగల గుమాస్తా ఏ దుకాణానికైనా పెట్టని కోట. 2017లో జీఎస్టీ వచ్చిన నాటి నుండి చిన్న వ్యాపారులకు లెక్కల బెడద హెచ్చినది. మన వాణిజ్య శాఖ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో వారానికొకనాడు అట్టివారికి ఖాతాలు సరిచూచి పెట్టినచో, ఆ వ్యాపారియే రేపు మనవానిని పనికి పిలుస్తాడు.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పవలసి ఉన్నది. చదువులో వారు ముందున్నను, ఉద్యోగం అనగానే ఎందరి చదువో ఇంటి గడప లోపలనే ఆగిపోతున్నది. తెలియని చోటికి బిడ్డను పంపుటకు తల్లిదండ్రులు జంకుట సహజం. కళాశాల ముందుగా వెళ్లి ఆ సంస్థను చూచి, పనివేళలు, రాకపోకల వసతి, అక్కడి స్త్రీల భద్రత విచారించి మాట ఇచ్చినచో ఆ జంకు సగం తీరుతుంది. ఈ నమ్మకాన్ని ఏ ప్రకటనయు ఇవ్వలేదు.

కళాశాల కూలీలను సరఫరా చేసే స్థలం కారాదని కొందరు పెద్దలు అంటారు. ఆ మాటను మేము గౌరవిస్తున్నాము. సాహిత్యం, చరిత్ర, శాస్త్రం మనిషిని మనిషిగా నిలుపుతాయి. వాటిని తగ్గించుమని మేము కోరుట లేదు. శిక్షణ పేరుతో జీతం లేని చాకిరి చేయించుకొనేవారిని గడప వద్దనే ఆపవలెనని కూడ కోరుతున్నాము. అందుకే కళాశాల మధ్య ఉండవలె. విద్యార్థి ఒంటరిగా వెళితే షరతులు యజమానివే. వెనుక కళాశాల ఉంటే ఒప్పందానికి ఇరువైపులా బరువుంటుంది.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి మూడు మాటలలో చెబుతాము. మొదటిది, ఒక అధ్యాపకునికి కొన్ని పీరియడ్లు తగ్గించి ఈ పనిని అప్పగించవలె. ఆయన బదిలీ అయినను, పదవీ విరమణ చేసినను పరిచయాలు ఆయనతో వెళ్లిపోకుండ సంస్థల వివరాలన్నీ ఒక రిజిస్టరులో ఉండవలె. రెండవది, పూర్వ విద్యార్థుల పట్టిక తయారు చేయవలె. ప్రతి దుకాణంలో, ప్రతి కార్యాలయంలో పనిచేసే మనవాడే మన మొదటి రాయబారి. మూడవది, ఏ ఒప్పందమైనను మూడేండ్లకు తక్కువ కాకుండ చేసుకొని, ఏటేటా ఎందరు వెళ్లినారు, ఎందరు నిలిచినారు, ఎందుకు మానినారు అన్నది ఈ పత్రికలోనే ప్రకటించవలె. మంచి లెక్కయే కాదు, చెడ్డ లెక్కయు అచ్చు కావలె.

విద్యార్థి మిత్రులారా! మీకును ఒక మాట. మొదట వెళ్లినవాడు వేళకు వెళ్లకపోతే, వెనుక వచ్చే పదిమందికి ఆ తలుపు మూతపడుతుంది. వాడు నమ్మకంగా పనిచేస్తే పదిమందికి తెరుచుకొంటుంది. కళాశాల గడప నుండి కార్ఖానా గడపకు బాట వేయవలసినది కమిటీవారు. ఆ బాటలో గడ్డి మొలవకుండ నడువవలసినది మనము.